గ్యాలన్ల లెక్కన అమ్ముడుపోయిన కళ

అమెరికాలో పాత సామాన్లు అమ్మే దుకాణాల్లో, ముఖ్యంగా న్యూయార్క్, పెన్సిల్వేనియా వైపు, బూడిద రంగు మట్టి జాడీలు కనిపిస్తుంటాయి. నడుము మీద నీలి రంగుతో చకచకా గీసిన పిట్టో పువ్వో ఉంటుంది. దాని పక్కన 2 అనో 4 అనో ఒక అంకె. కొత్తగా చూసేవాళ్లు అదేదో సీరియల్ నంబర్ అనుకుంటారు కానీ, జాడీలో ఎన్ని గ్యాలన్లు పడతాయో చెప్పే అంకె అది. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. 19వ శతాబ్దంలో వీటి ధరల పట్టికలు ఆ అంకె చుట్టూనే తిరిగేవి. ఫలానా సైజువి డజను ఇంత అని రాసేవారు. అప్పట్లో పిట్టకు దక్కిన విలువ అంతంతమాత్రమే. ఇప్పుడు వేలంపాటలో అంకెను ఎవరూ పట్టించుకోరు. పిట్ట బదులు సింహమో, ఓడో ఉంటే జాడీ వేల డాలర్లకు పోతుంది. బొమ్మ లేని జాడీని ఎవరో గొడుగులు పెట్టుకోవడానికి పట్టుకుపోతారు.

అమెరికా మట్టిపాత్రల గురించి చదివితే రెండు పేర్లు ఎదురవుతాయి. ఒకటి వాడుక సామాను, రెండోది జానపద కళ. ఇవి రెండు రకాల పాత్రలని, రెండు రకాల కుమ్మరులు చేశారని అనిపించేలా రాస్తుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. చాలాచోట్ల జాడీ ఒకటే. వంటింట్లో దాని పని అయిపోయాక ఇంకెవరో వచ్చి దాన్ని కళ అన్నారు. ఎప్పుడు అన్నారు, ఎవరు అన్నారు, ఆ డబ్బు ఎవరికి చేరింది అని అడుగుతూ పోతేనే ఈ చరిత్ర విడివడుతుంది.

మొదటి వలస కుటుంబాల వంటిళ్లలో ఉన్నది ఎర్రమట్టి సామాను. వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో 1620లు, 30ల నాటికే కుమ్మరులు పని చేశారు. ఇటుకకు, పెంకుకు వాడే మట్టే దీనికీ పనికొస్తుంది, పెద్ద వేడి అక్కర్లేదు. కాకపోతే కాలిన తర్వాత కూడా ఆ మట్టి నీరు పీలుస్తుంది, పాలు పోస్తే చెమరుస్తుంది. అందుకని లోపల సీసంతో చేసిన మెరుగు పూసేవారు. నున్నగా, తేనె రంగులో మెరిసేది, కడగడం తేలిక. అందులో వెనిగరో పుల్లటి ఊరగాయో పెడితే సీసం కరిగి తిండిలోకి దిగుతుంది. 1785లో ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి ఈ ప్రమాదం గురించి గట్టిగానే రాసింది, స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడిలో కాల్చే గట్టి మట్టి సామాను, చేసేవాళ్లను ప్రోత్సహించాలని కూడా అంది. అయినా ఎర్రమట్టి పాత్రలు ఇంకో వందేళ్లు నడిచాయి. చవగ్గా దొరికే వస్తువుకు ఆరోగ్యం మాట అడ్డు రావడం ఎక్కడైనా ఆలస్యమే.

పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు ఇదే ఎర్రమట్టితో ఇంకో పని చేశాయి. పళ్లెం మీద తెల్లమట్టి పలచగా పోసి, ఆరాక పుల్లతో గీస్తే కింది ఎరుపు బయటపడుతుంది. అలా ట్యులిప్ పువ్వులు, గుర్రపు రౌతులు, నెమళ్లు గీసి, అంచు చుట్టూ జర్మన్‌లో ఒక చమత్కారమో సామెతో రాసేవారు. "మట్టి తీసుకుని, బుద్ధి ఉపయోగించి కుమ్మరి ఎన్నెన్నో చేస్తాడు" అన్న అర్థం వచ్చే రెండు పాదాలు అలాంటి పళ్లేల మీద ఉన్నాయి. ఇలాంటి మంచి పళ్లేల్లో కత్తి గీతలు దాదాపు కనపడవు. అంటే వాటిలో ఎవరూ తినలేదు. పెళ్లికో పుట్టినరోజుకో ఇచ్చినవి, అల్మారాలో నిలబెట్టినవి. అదే కుమ్మరి అదే రోజు ‘పై’ అనే వంటకం కాల్చుకునే మామూలు పళ్లేలు డజన్ల కొద్దీ చేసి ఉంటాడు. వాటి మీద కత్తి గాట్లు బోలెడు. పల్లెటూరి కుమ్మరికి అందం గురించి తెలియదనీ, పట్నం వాళ్లు వచ్చి కనిపెట్టారనీ చెప్పే కథ ఈ పళ్లేల ముందు నిలవదు. ఏది చూడటానికి, ఏది తినడానికి అన్నది అతనికి ముందే తెలుసు.

ఉప్పు, నిప్పు, నీలం

స్టోన్‌వేర్ సంగతి వేరు. దీని మట్టి 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని తట్టుకుంటుంది. ఆ వేడిలో మట్టి రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇక నీరు పీల్చదు. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే గోధుమ, తెలుపు జాడీ కూడా ఈ జాతిదే. ఉప్పుకీ పులుపుకీ చలించదు, ఏడాదంతా పచ్చడి కదలకుండా ఉంటుంది. అమెరికా రైతుకు ఉప్పేసిన పంది మాంసం, వెన్న, పుల్ల క్యాబేజీ, మొలాసిస్ అనే చెరకు మడ్డి, విస్కీ దాచుకోవడానికి సరిగ్గా ఇలాంటిదే కావలసి వచ్చింది.

అయితే వలస రాజ్యంలో ఇలాంటి వస్తువు చేయడం లండన్‌కు ఇష్టం లేదు. ఇంగ్లండ్ సామాను కొనాలి, పోటీగా తయారు చేయకూడదు అన్నది అప్పటి నీతి. వర్జీనియా గవర్నర్ విలియం గూచ్ 1730లలో లండన్‌కు పంపిన నివేదికల్లో యార్క్‌టౌన్‌లో ఎవరో ఒక పేద కుమ్మరి ఉన్నాడనీ, అతని పని లెక్కలోకి రాదనీ రాశాడు. ఆ పేద కుమ్మరి పేరు విలియం రోజర్స్. తర్వాత అక్కడ తవ్వకాలు జరిగితే పెద్ద బట్టీలతో నడిచిన కర్మాగారమే బయటపడింది. రోజర్స్ 1739లో చనిపోయేనాటికి బాగా ఆస్తిపరుడు. గూచ్‌కు ఈ సంగతి తెలియక రాశాడనుకోవడం కష్టం. స్థానిక పరిశ్రమను కాపాడుకోవడానికి కావాలనే తక్కువ చేసి చూపించాడని చరిత్రకారులు అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

స్టోన్‌వేర్ మట్టి అన్నిచోట్లా దొరకదు. న్యూజెర్సీలోని సౌత్ ఆంబోయ్ దగ్గర మంచి మట్టి ఉంది, పడవల్లో మన్‌హాటన్‌కు తెచ్చేవారు. జర్మనీ నుంచి వచ్చిన క్రోలియస్, రెమీ కుటుంబాలు అక్కడ తరాల తరబడి ఇదే పని చేశాయి. 1825లో ఈరీ కాలువ తెరుచుకున్నాక మట్టి, జాడీలు రెండూ లోపలి ఊళ్లకు పడవల మీద చేరాయి, కాలువ పొడవునా కొత్త కుమ్మరి కర్మాగారాలు వెలిశాయి. వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్‌లో నార్టన్ కుటుంబం 1793లో మొదలుపెట్టి 1894 దాకా నడిపింది. వందేళ్లు ఒకే ఇంటిపేరు మీద నడిచిన వ్యాపారం అది.

ఈ జాడీలకు మెరుగు పెట్టే పద్ధతి చూడముచ్చటైనది, కొంచెం భయం కూడా వేస్తుంది. ఆరబెట్టిన జాడీలను బట్టీలో ఒకదాని మీద ఒకటి పేర్చి, రోజుల తరబడి కట్టెలు వేసి వేడి పెంచుతారు. లోపల అంతా తెల్లగా కాలుతున్నప్పుడు పైకప్పు కన్నాల్లోంచి మామూలు ఉప్పు పోస్తారు. ఉప్పు పడీ పడగానే చిటపటమని ఆవిరైపోతుంది. అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పాత్ర ఒంటి మీదే గాజు పొరలా ఏర్పడుతుంది. క్లోరిన్ వైపు నుంచి పుట్టే ఆమ్లం తెల్లటి పొగలా బయటికొస్తుంది, దాన్ని పీల్చడం మంచిది కాదు. కాలి దిగిన జాడీని వేలితో తడిమితే నారింజ తొక్కలా సన్నటి గుంటలు తగులుతాయి. పేర్చిన జాడీల లోపలికి ఆ ఆవిరి సరిగా పోదు కాబట్టి, ఆల్బనీ దగ్గర హడ్సన్ నది ఒడ్డున దొరికే ముదురు గోధుమ రంగు మట్టిని ముందే లోపల పోసి తిప్పేవారు. అది అంత వేడిలో తనంతట తనే కరిగి గాజవుతుంది. వందేళ్ల నాటి జాడీలో తొంగి చూస్తే లోపలంతా చాక్లెట్ రంగులో ఉండేది అందుకే.

నీలం ఎందుకు? అంత వేడిని, ఉప్పు ఆవిరిని తట్టుకుని నిలిచే రంగులు అప్పటి కుమ్మరికి ఎన్నో లేవు. కోబాల్ట్ ఆక్సైడ్ నిలుస్తుంది. ఖరీదైనదే కానీ చిటికెడు చాలు. కాబట్టి ఆ నీలి పిట్ట వెనక సౌందర్య సిద్ధాంతం కంటే ముందు రసాయనం ఉంది. కుంచె ఒకసారి ఆనిస్తే చెరపడానికి వీల్లేదు, రోజుకు పదుల జాడీలు పూర్తి చేయాలి. ఆ తొందరలోంచే ఇప్పుడు మనం మెచ్చుకునే ఆ తేలికైన గీత వచ్చింది.

మన్‌హాటన్‌లోనే కార్లియర్స్ హుక్ దగ్గర థామస్ కామరా అనే కుమ్మరి 1790ల చివరి నుంచి 1819 దాకా జాడీలు చేశాడు. నెలవంకల్లాంటి నీలి గీతలు, అచ్చు వేసినట్టు స్పష్టంగా తన పేరు. ఆయిస్టర్లు అనే సముద్రపు గుల్లలు ఊరబెట్టి అమ్మేవాళ్లకు చిన్న జాడీలు చేసిచ్చేవాడు. ఆయిస్టర్ల వ్యాపారంలో నల్లజాతి వ్యాపారులు చాలామంది. సేకరించేవాళ్లు వందేళ్లకు పైగా అతని జాడీలు కొన్నారు, అమ్మారు, పుస్తకాల్లో ఎక్కించారు. అతను స్వేచ్ఛ పొందిన నల్లజాతి మనిషన్న సంగతి 2000 తర్వాత జనగణన రికార్డులు తిరగేసినప్పుడుగానీ బయటపడలేదు. అప్పటిదాకా తెల్లవాడనే అనుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ అతని పని మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టేసరికి 2023 వచ్చింది.

డేవ్ జాడీలు

దక్షిణాదిలో కథ మారుతుంది. సౌత్ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో 1810ల నుంచి ఆబ్నర్ లాండ్రమ్, అతని బంధువులు స్టోన్‌వేర్ మొదలుపెట్టారు. ఇక్కడ ఉప్పు మెరుగు కాదు. కట్టె బూడిదో సున్నమో తీసుకుని ఇసుక, మట్టితో కలిపి పూత పూస్తారు, కాల్చాక ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ధారలు కట్టినట్టు దిగుతుంది. ఇది చైనాలో రెండు వేల ఏళ్లుగా ఉన్న పద్ధతి. అమెరికా దక్షిణాదికి ఎలా చేరిందన్నదానికి, చైనా నుంచి జెస్యూట్ శాఖ క్యాథలిక్ మతాచార్యులు రాసిన ఉత్తరాలు అచ్చయి ఇక్కడి చదువుకున్న యజమానుల చేతికి వచ్చాయన్నది ఒక వివరణ.

పేర్లు యజమానులవి, పని మాత్రం బానిసలది. మట్టి తవ్వడం, గానుగలో కలపడం, సారె తిప్పడం, కట్టెలు కొట్టడం, బట్టీ కాపలా, అన్నీ. ప్లాంటేషన్లలో వందల మందికి తిండి నిలవ చేయాలి కాబట్టి ఇక్కడి జాడీలు చాలా పెద్దవి. వాటి మీద సాధారణంగా చేసినవాడి పేరు ఉండదు. ఒకే ఒక్కడి విషయంలో ఆ మౌనం పగిలింది. అతని పేరు డేవ్. 1801 ప్రాంతంలో బానిసగా పుట్టాడు, స్వేచ్ఛ వచ్చాక డేవిడ్ డ్రేక్ అయ్యాడు, 1870లలో చనిపోయాడు.

డేవ్ తడి మట్టి మీద పుల్లతో పేరు, తేదీ, ఒక్కోసారి రెండు పాదాల పద్యం రాసేవాడు. 1834 నాటి జాడీ మీద ఉన్న పద్యానికి అర్థం స్థూలంగా ఇది: సందుల్లో కూడా కూరి చూడండి, ఈ జాడీలో కచ్చితంగా 14 పడతాయి. 14 అంటే గ్యాలన్లు, 50 లీటర్ల పైమాట. ఉత్తరాదిలో నీలి అంకె చేసిన పనే ఇక్కడ పద్యం చేస్తోంది. ప్రాస కూడా కుదిర్చాడు. వాడకం ఎక్కడ ఆగింది, కళ ఎక్కడ మొదలైంది అని ఈ జాడీ ముందు నిలబడి అడిగితే నవ్వొస్తుంది.

అదే 1834 డిసెంబరులో సౌత్ కరోలినా శాసనసభ బానిసలకు చదువు నేర్పడం నేరమని చట్టం చేసింది. డేవ్‌కు అక్షరాలు ఎలా వచ్చాయో చెప్పే కాగితం లేదు. లాండ్రమ్ ఒక వార్తాపత్రిక కూడా నడిపాడు కాబట్టి అక్కడ నేర్చుకున్నాడని ఊహిస్తారు. చట్టం వచ్చాక కూడా రాశాడు. 1857 ఆగస్టు 16న రాసిన రెండు పాదాల భావం: నావాళ్లంతా ఎక్కడున్నారో, అందరికీ, ప్రతి జాతికీ నా స్నేహం. మనుషుల్ని ఒకరి నుంచి ఒకరిని విడదీసి అమ్మేసే కాలంలో, అమ్మకానికి పెట్టే జాడీ మీద ఈ మాట రాశాడు. మరో ఆరు రోజులకు ఇంకో జాడీ: ఇది డబ్బు కోసం చేశాను, డబ్బు పాపిష్టిదంటారు కానీ. ఆ డబ్బు అతనికి రాలేదు. అతని యజమాని లూయిస్ మైల్స్‌కు పోయింది. ఆ రెండో పాదంలో వ్యంగ్యం ఉందా, అమాయకత్వం ఉందా అని పండితులు వాదించుకుంటారు. ఇరవై ఏళ్లకు పైగా పద్యాలు రాసిన మనిషికి వ్యంగ్యం తెలియదని నేను నమ్మను.

1859 మే 13న డేవ్, బాడ్లర్ అనే మరో బానిస కుమ్మరి కలిసి 40 గ్యాలన్ల జాడీ చేశారు, అంటే సుమారు 150 లీటర్లు. అంత మట్టిని సారె మీద ఒక్క దెబ్బలో లేపడం మనిషి చేతుల వల్ల కాదు. అడుగు భాగం తిప్పి, పైన లావుపాటి మట్టి తాళ్లు చుట్టుకుంటూ, మళ్లీ తిప్పుతూ పెంచాలి. ఒకరు సారె నడిపితే ఒకరు మట్టి అందించాలి. దాని మీద గొప్ప జాడీ, ఘనమైన జాడీ, గొర్రె మేక ఎలుగుబంటి ఏదైనా పడుతుందని రాశారు. అది ఇప్పుడు చార్ల్‌స్టన్ మ్యూజియంలో ఉంది.

ఎడ్జ్‌ఫీల్డ్‌లో ఇంకో రకం పాత్రలూ పుట్టాయి. అరచేతిలో పట్టేంత చిన్న కూజా, దాని మీద మనిషి ముఖం. కళ్లు, పళ్లు తెల్లటి కేయొలిన్ మట్టితో చేసి పొదిగినవి, అందుకే ముదురు రంగు ముఖంలోంచి చురుక్కున చూస్తాయి. బానిసల దిగుమతి 1808 నుంచే నిషేధం. అయినా 1858లో వాండరర్ అనే ఓడ సుమారు 400 మంది ఆఫ్రికన్లను దొంగతనంగా జార్జియా తీరాన దించింది. వారిలో వందకు పైగా ఎడ్జ్‌ఫీల్డ్ వైపు చేరారు. చాలామంది కాంగో ప్రాంతం వాళ్లు. వాళ్ల దగ్గర తెల్లమట్టికి, ముఖం ఉన్న పూజా వస్తువులకు ఉన్న అర్థాలే ఈ కూజాల్లో కొనసాగాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అవి వంటింటి సామాను కావు, గోడకు అలంకారమూ కావు. నేను మొదట చెప్పిన రెండు పేర్లలో ఏదీ వీటికి సరిపోదు.

జాడీకి పని పోయింది

1858లోనే, నవంబరు 30న, జాన్ మేసన్ అనే న్యూయార్క్ రేకు పనివాడికి మరమూత బిగించే గాజు సీసాకు పేటెంటు దక్కింది. లోపల ఏముందో కనిపిస్తుంది, గాలి చొరబడదు, తేలిక. తర్వాత రేకు డబ్బాలు, ఐసు పెట్టెలు, చివరికి ఫ్రిజ్. ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్ లాంటి ఊళ్ల ఫ్యాక్టరీలు చవకైన తెల్లటి ప్లేట్లు గుట్టలుగా దించాయి. ఉత్తరాదిలో 1900 నాటికి చేతి జాడీల కాలం దాదాపు ముగిసింది. మిన్నెసోటాలోని రెడ్ వింగ్‌లో 1878లో మొదలైన ఫ్యాక్టరీ మాత్రం కొత్త సామాను చేసుకుంటూ 1967 దాకా లాగింది.

నార్త్ కరోలినాలో దెబ్బ ఇంకోలా పడింది. అక్కడి కుమ్మరుల పెద్ద ఆదాయం విస్కీ జగ్గులు. 1908లో ఓటింగు పెట్టి, 1909 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రం మద్యం నిషేధించింది. జగ్గు కొనేవాడు లేడు. పొలం, బట్టీ రెండూ చూసుకునే కుటుంబాలు బట్టీ వైపు వెళ్లడం తగ్గించాయి.

సరిగ్గా ఈ ఖాళీలోకి కళ వచ్చి కూర్చుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌ను చూసి కాపీ కొట్టింది కాకుండా తమదంటూ ఒక కళ కావాలని అమెరికా చదువరులు వెతుక్కుంటున్నారు. హోల్గర్ కాహిల్ అనే ప్రదర్శనల నిర్వాహకుడు న్యూవార్క్ మ్యూజియంలో 1930, 31లలో, న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో 1932లో జానపద కళా ప్రదర్శనలు పెట్టాడు. వాటిలో ఎక్కువ బొమ్మలు, శిల్పాలే కానీ, సామాన్యుడి చేతిలో కళ ఉందన్న మాట వాటితోనే స్థిరపడింది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అతనే ప్రభుత్వ కళా పథకానికి అధిపతి అయ్యాడు. ఆ పథకం కింద పని లేని చిత్రకారులు 1935 నుంచి 1942 వరకు దేశమంతా తిరిగి పాత వస్తువులను సుమారు 18,000 నీటిరంగు చిత్రాలుగా వేశారు. జాడీలు, జగ్గులు అందులో బోలెడు. వాడకం ఆగిన వస్తువు తెల్లకాగితం మీద ఒంటరిగా, నీడతో సహా కూర్చుంది. ఇక దాన్ని చూడటమే దాని పని.

ఇది అన్యాయమని నేననను. ఆ చిత్రకారులు లేకపోతే చాలా జాడీలు చెత్తలో కలిసేవి. కానీ సామాన్యుడి కళ అన్న పేరులో ఒక మెలిక ఉంది. సామాన్యుడు అనగానే పేరు అక్కర్లేదు. పేరు లేకపోతే యజమాని ఎవరు, బానిస ఎవరు, కూలి ఎంత అన్న ప్రశ్నలూ రావు.

నార్త్ కరోలినాలో జాక్, జూలియానా బస్బీ అనే దంపతులు ఇంకో దారి తొక్కారు. 1921 ప్రాంతంలో సీగ్రోవ్ దగ్గర జగ్‌టౌన్ అని కుమ్మరి శాల పెట్టారు. ఊళ్లో కుమ్మరుల చేత చేయించి, న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో జూలియానా నడిపే టీ దుకాణంలో అమ్మేవారు. అంతవరకు బాగానే ఉంది. కానీ జాక్ తన కుర్ర కుమ్మరి బెన్ ఓవెన్‌ను మ్యూజియాలకు తీసుకెళ్లి పాత చైనా, కొరియా కూజాలు చూపించేవాడు, ఆ ఆకారాలు చేయించేవాడు. అంటే న్యూయార్క్ వాళ్లు కరోలినా పల్లె కళ అని కొన్నవాటిలో కొన్నింటి మూలం హాన్, సాంగ్ కాలాల చైనా. ఇది మోసం కాదు, మంచి కుండలే. అచ్చమైన జానపదం అని ఎవరైనా బల్లగుద్ది చెబితే మాత్రం ఒకసారి జగ్‌టౌన్ గుర్తు చేసుకోవాలి. సీగ్రోవ్ చుట్టుపక్కల ఇప్పటికీ పదుల కొద్దీ కుమ్మరి శాలలు నడుస్తున్నాయి. ర్యాలీ, షార్లెట్‌లలో ఉండే మనవాళ్లకు కారులో రెండు గంటల లోపు దూరం.

జార్జియాలోని మోసీ క్రీక్‌లో మీడర్స్ కుటుంబం తెల్లజాతి కుమ్మరులు. మజ్జిగ చిలికే కుండలు, జగ్గులు చేసేవారు, అప్పుడప్పుడు సరదాకు ముఖం జగ్గులు. 1967లో వాషింగ్టన్‌లోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ వచ్చి సినిమా తీసింది, తమ జానపద ఉత్సవానికి ముఖం జగ్గులు ఆర్డరిచ్చింది. అదే ఏడాది తండ్రి చీవర్ చనిపోయాడు, కొడుకు లానియర్ పూర్తిగా ఆ పనిలోకి దిగాడు. ఆ తర్వాత కొనేవాళ్లకు కావలసింది ముఖాలే. లానియర్ 1983లో జాతీయ గౌరవం అందుకున్నాడు. ఒకప్పుడు పక్క పనిగా ఉన్నది బతుకుతెరువైంది, మజ్జిగ కుండ పక్క పనైంది.

ఇదంతా వలస వచ్చినవాళ్ల కథ. వాళ్లు రాకముందు వెయ్యేళ్లకు పైగా నైరుతి ఎడారుల్లో ప్యూబ్లో అనే స్థానిక తెగల ఆడవాళ్లు సారె లేకుండా మట్టి తాళ్లు చుట్టి కుండలు చేస్తున్నారు. 1880 నాటికి రైలు న్యూమెక్సికోలోకి వచ్చింది. రైలుతో పాటు ఇనుప గిన్నెలు, రేకు బకెట్లు వచ్చాయి, కుండ అవసరం తగ్గింది. అదే రైలు దిగి టూరిస్టులూ వచ్చారు. అరిజోనాలోని హానో గ్రామంలో నాంపేయో అనే కుమ్మరి తన పూర్వీకుల పాడుబడ్డ ఊరు సిక్యాట్కి పెంకుల మీది డిజైన్లు చూసి, వాటిని తన కుండల మీద కొత్తగా బతికించింది. 1905లో గ్రాండ్ కాన్యన్ దగ్గర హోటల్ కంపెనీ ఆమెను కుటుంబంతో సహా కూర్చోబెట్టి టూరిస్టుల ముందు కుండలు చేయించింది.

న్యూమెక్సికోలోని శాన్ ఇల్డెఫోన్సో అనే ప్యూబ్లో ఊళ్లో మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ 1919 ప్రాంతంలో నలుపు మీద నలుపు కుండలు కనిపెట్టారు. కుండను రాయితో అద్దంలా రుద్దుతారు, డిజైను ఉన్నచోట పలుచని మట్టి పూస్తారు. కాలుతున్న ఆవం మీద ఎండిన పేడ పొడి కుమ్మరించి గాలి ఆడకుండా చేస్తే పొగలోని కార్బన్ మట్టిలోకి దిగి కుండ నల్లబడుతుంది. రుద్దినచోట మెరుస్తుంది, పూసినచోట మెరవదు. అంత అందం వచ్చినందుకు వదులుకున్నదీ ఉంది. మెరుగు చెడకూడదని తక్కువ వేడిలో ఆపేస్తారు కాబట్టి ఇందులో నీళ్లు పోయలేరు, వండలేరు. ఇది మొదటి నుంచీ చూడటానికే చేసిన కుండ. కొనేవాళ్లు సంతకం అడిగారు. మరియా పెట్టింది. ఊళ్లో వేరేవాళ్లు చేసిన కుండల మీద కూడా అడిగితే పెట్టేసేదని చెబుతారు. కళా మార్కెట్ లెక్కలో అది తప్పు. ఊరంతా కలిసి బతకాలనుకునే మనిషి లెక్కలో డబ్బు నలుగురికీ అందే మార్గం. పక్కనే టావోస్, పికురిస్ ఊళ్లలో మైకా (అభ్రకం) కలిసిన మట్టి కుండలు మాత్రం ఇంకా పొయ్యి మీద ఉన్నాయి. చిక్కుళ్లు వాటిలో వండితేనే రుచి అంటారు.

ఫ్యాక్టరీ పక్కన ఆర్టిస్టుల కుండలూ ఉన్నాయి. సిన్సినాటిలో 1880లో మొదలైన రూక్‌వుడ్ లాంటివి తొలినుంచీ కళ పేరుతోనే అమ్మాయి, కాబట్టి మన చిక్కులో వాటి పాత్ర తక్కువ. మిస్సిసిపిలోని బిలాక్సీలో జార్జ్ ఓర్ అనే కుమ్మరి మాత్రం ఆ గుంపులో ఇమడడు. కాగితంలా పలుచని కూజా చేసి, మళ్లీ దాన్నే నలిపి, మెలిపెట్టేవాడు. అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ. అతను 1918లో పోయాక వేల కుండలు కుటుంబం దగ్గరే పడున్నాయి, 1970 ప్రాంతంలో ఒక వర్తకుడు కొనేదాకా.

మిన్నెసోటాలో వారెన్ మెకెంజీ అనే కుమ్మరి ఈ ప్రయాణాన్ని వెనక్కి తిప్పాలని చూశాడు. రోజూ అన్నం తినే గిన్నె, టీ తాగే కప్పు, మామూలు మనిషి కొనగల ధర. ఇంటి దగ్గర చిన్న దుకాణం, కాపలా లేదు. ధర కాగితం అంటించి ఉంటుంది, డబ్బులు బుట్టలో వేసి తీసుకుపోవడమే. కొన్నేళ్లకు అతని పేరు పెరిగింది. జనం బుట్టలో కొన్ని డాలర్లు వేసి, అదే గిన్నెను ఎన్నో రెట్లకు తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. చివరికి ఆ దుకాణం మూసేశాడు. చేసేవాడు ఎంత వాడుక సామాను అని పట్టుబట్టినా, కొనేవాడు దాన్ని పెట్టుబడి అనుకుంటే గిన్నెలో అన్నం పడదు.

డేవ్ జాడీల ధర కూడా ఆ దారిలోనే పోయింది. 1858 నాటి 25 గ్యాలన్ల జాడీ ఒకదాన్ని 2021లో ఆర్కన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 15.6 లక్షల డాలర్లకు వేలంలో కొంది. ఆ జాడీని మొదట అమ్మినవాడికీ, తర్వాత చేతులు మారిన ప్రతివాడికీ ఏదో ఒకటి దక్కింది. చేసినవాడికి, అతని పిల్లలకు ఎప్పుడూ ఏమీ దక్కలేదు. 2025లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ఈ వరుసను ఒకచోట ఆపింది. బానిసగా ఉన్న మనిషి చేతి పనిని అతని ఇష్టంతో పని లేకుండా తీసుకున్నారు కాబట్టి, తమ దగ్గరున్న రెండు డేవ్ జాడీల హక్కు అతని వారసులదేనని ఒప్పుకుంది. ఒకటి వాళ్ల సొత్తుగానే మ్యూజియంలో అరువుగా ఉంది. రెండోదాన్ని మ్యూజియం వాళ్ల దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంది. ఆ రెండోది, ఇది డబ్బు కోసం చేశానని డేవ్ 1857 ఆగస్టులో రాసిన జాడీ.